వెనక్కి తిరిగిన పిడి

అక్క రీలు తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు చేత్తో పెట్టలేదు. మోచేతి వంపులో ఇరికించుకుని వచ్చి జారవిడిచింది. తమ్ముడు చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు.

అతను చేపల గాలాల రీళ్ళు బాగుచేసే మెకానిక్. బస్సు డిపో వెనక సందులో ఉంది కొట్టు. బల్ల, రెండు స్టూళ్ళు వేశాక మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత ఇరుకు. అక్క ఇరవై ఏళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ చేసింది. ఏడాది కిందట ఆమె ఎడమచేతిలోంచి బట్ట జారిపోవడం మొదలైంది. నరాల జబ్బు, కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడతాయి, మందు లేదు అని డాక్టరు చెప్పాడు. ఉద్యోగం పోయింది. మిగిలింది ఆదివారం రిజర్వాయరు గట్టున చేపలు పట్టడం ఒక్కటే. గాలం రాడ్డును ఎడమ చంకలో బిగించుకుని, కుడిచేత్తో రీలు పిడి తిప్పుతోంది.

"ఒరేయ్, చేప లాగినప్పుడల్లా పిడి కాస్త వెనక్కొచ్చి ఆగుతోంది. ఆ కుదుపుకి మణికట్టు పీకేస్తోంది. ఏదన్నా చెయ్యి."

అతను పక్క మూత విప్పి చూపించాడు. "ఇదిగో, పళ్ళచక్రం. ఈ చిన్న నాలుక పంటి సందులో పడితేనే ఆగుతుంది. పడేదాకా పిడి వెనక్కొస్తుంది. కుదుపు అందుకే."

"ఇంకో రకం ఉందన్నావుగా?"

"రోలర్ బేరింగ్‌ది. అది వెంట్రుకవాసి కూడా వెనక్కి రానివ్వదు. కానీ దానికి చలి పడదు, చిక్కటి గ్రీజు పడదు. జారిందంటే పిడి మొత్తం వెనక్కి తిరిగిపోతుంది. నాలుక మొరటుదే గానీ మోసం చెయ్యదు."

"రెండూ కలిపి ఉన్నది లేదూ?"

"ఉంది. ఎత్తి చూడు."

అక్క దాన్ని రెండు క్షణాలు పట్టుకుని అతని ఒళ్ళో పడేసింది. "ఇది రీలా, ఇటుకా?" అని నవ్వింది. "నువ్వే ఏదో ఒకటి తేల్చు. నాకేం తెలుసు."

మూడు రోజులు అతనికి ఎటూ తేలలేదు. నాలుక ఉన్నదైతే నొప్పి తప్పదు. బేరింగ్‌దైతే హాయిగా ఉంటుంది, జారడం ఎప్పుడో ఒకసారి. అక్కకి ఇంకెన్ని ఆదివారాలున్నాయని? ఉన్నన్నాళ్ళూ నొప్పి లేకుండా ఉండనీ అనుకుని, తేలికపాటి బేరింగ్ రీలు తీశాడు. నీటి తుంపరకి తుప్పు పడుతుందేమోనని దాని లోపల గ్రీజు దట్టించాడు. పలచటి నూనె ఒక్క చుక్క చాలని అతనికి తెలుసు. ఇంకెవరి రీలైనా అయితే అలా చేసి ఉండేవాడు కాదు.

రెండు ఆదివారాలు అక్క మొహం వెలిగిపోయింది. "నా చెయ్యి కన్నా నీ రీలే నయంరా" అంది.

మూడో ఆదివారం విపరీతమైన చలి. పొద్దెక్కాక పెద్ద చేప పడింది. రాడ్డు విల్లులా వంగింది. తమ్ముడు వల పట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగాడు. అక్క పంటి బిగువున తిప్పుతోంది. ఉన్నట్టుండి పిడి గిర్రున వెనక్కి తిరిగింది. చెయ్యి తీసుకునే లోపే వేళ్ళ మీద టపటపా కొట్టింది.

ఆమె అరవలేదు. "జారిందిరా" అంది, అంతే.

కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు విరిగాయి. ఆరు వారాల కట్టు. మామూలు మనిషికైతే తర్వాత చెయ్యి తిరిగి బలం పుంజుకునేది. కట్టు విప్పేసరికి అక్క చెయ్యి ఎండిపోయి ఉంది. డాక్టరు వేళ్ళు ముడవమన్నాడు. అవి కదల్లేదు.

"ఇంక కష్టమమ్మా" అన్నాడాయన.

బస్సులో తమ్ముడు చెప్పేశాడు. "గ్రీజు నేనే పెట్టానక్కా. పెట్టకూడదని తెలిసే పెట్టాను."

అక్క కిటికీలోంచి చూపు తిప్పకుండానే అడిగింది. "ఇప్పుడెందుకు చెప్పావు?"

"నువ్వు తిట్టాలని."

"తిడితే నీ మనసు తేలికవుతుంది. నాకేం అవుతుంది?"



ఇంట్లో ఒక్కతే మంచినీళ్ళు కూడా తాగలేకపోతోంది కాబట్టి, ఇప్పుడు పగలంతా ఆమె కొట్టులోనే రెండో స్టూలు మీద కూర్చుంటోంది. ఒక మధ్యాహ్నం పోస్టుమాన్ వచ్చాడు. కొత్త రీలు కొనాలట. నాలుకదా, బేరింగ్‌దా, ఏది మంచిదని అడిగాడు.

తమ్ముడు బల్ల మీది రీలు పక్కకి జరిపాడు. "పెద్ద వీధిలో ఇంకో కొట్టుందండీ. వాళ్ళనడగండి" అన్నాడు. ఆ వారంలో అలా పంపేసినవాళ్ళు అతనితో కలిపి ముగ్గురు.

పోస్టుమాన్ వెళ్ళాక అక్క అంది: "ఎన్నాళ్ళిలా?"

"నిజంగా తెలీడం లేదక్కా. ఏది మంచిదని చెప్పబోయినా నీ వేళ్ళే గుర్తొస్తున్నాయి."

"సర్లే. నుదుటి మీద దురద. కాస్త గోకు."

అతను చేతులు గుడ్డకి తుడుచుకుని వచ్చి గోకాడు.

"అక్కడ కాదు, పైన."

పైన గోకాడు. అక్క కళ్ళు మూసుకుంది.

"పోయిందా?"

"లేదు" అంది.