సంచీలో చీకటి

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! మెరిసే కర్బన కణాలు తయారయ్యాయని సారు ఊరంతా టముకు వేసేశాడు. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తూ వాటిని తయారుచేస్తున్న పిల్ల ఇంకా కడగనైనా లేదు.

తయారుచేయడం చిటికెలో పని. నిమ్మ ఉప్పు, యూరియా నీళ్ళలో కలిపి మైక్రోవేవ్‌లో పెడితే గోధుమరంగు పాకం వస్తుంది. కడగడమే అసలు తంటా. పాకాన్ని కంటికి కనపడని చిల్లులుండే డయాలిసిస్ సంచీలో పోసి, మూతి బిగించి, నీళ్ళలో వేలాడదీయాలి. కణాలుగా మారని చిల్లర సరుకంతా బయటి నీళ్ళలోకి పోతుంది, కణాలు లోపల మిగులుతాయి. ఆ బయటి నీళ్ళను అందరూ పారబోసేవాళ్ళే, ఒక్కరూ వాటి మొహం చూసిన పాపాన పోలేదు.

ఈ పిల్ల చూసింది. సంచీని తీసి పక్కన పెట్టి, గది చీకటి చేసి, యూవీ లైటు వేసింది. బయటి నీళ్ళు నీలంగా ధగధగలాడాయి. సంచీ మసిగుడ్డలా పడి ఉంది. అంటే ఇన్నాళ్ళూ మెరిసింది కణాలు కాదు, చిల్లర సరుకు! ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

అంతలో సారు వచ్చాడు. "కణాలు చూడ్డానికి అతిథులు మెట్లెక్కుతున్నారమ్మా. ఆ నీళ్ళే సీసాలో పొయ్యి."

"వాటిలో కణాల్లేవు సార్."

"వాళ్ళకేం తెలుస్తుంది? మెరుస్తోందిగా!"

"నాకు తెలుసుగా సార్!"

"నోరు లేస్తోందే! డాక్టరేట్ కావాలా, వద్దా? సంతకం పెట్టేది నేను."

ఆమె పళ్ళు నూరుకుంటూ సీసా నింపింది. దాని పక్కనే సంచీ కూడా పెట్టింది.

అతిథులొచ్చారు. లైటు వేయగానే ఒక పెద్దావిడ "అబ్బ, ఎంత బాగుందో! ఇవేనా ఆ కణాలు?" అంది.

"ఇవేనండీ," అన్నాడు సారు.

"కాదండీ! కణాలు ఈ సంచీలో ఉన్నాయి. ఇవి వెలగవు. ఆ వెలిగేవి మేం రోజూ పారబోసే నీళ్ళు!" అంటూ పిల్ల సంచీ ఎత్తి చూపించింది.

అతిథులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మెల్లగా బయటికి నడిచారు. సారు మొహం కందగడ్డ అయింది. "నా సంతకం మాట మర్చిపో," అని తలుపు దడేల్మని వేసి పోయాడు.

"మర్చిపోయాను పోండి!" అని మూసిన తలుపు మీద అరిచింది.

ఫోను మోగింది. అమ్మ. "మెరిసిందా తల్లీ? నువ్వు డాక్టరవుతున్నావని పెద్దమ్మకీ పిన్నికీ చెప్పేశా!"

"మెరిసింది నాది కాదమ్మా. వాళ్ళకి నువ్వే చెప్పు."

ఆ మాట అన్నాకే ఆమెకు ఏడుపొచ్చింది.