చెవికి కరెంటు

అతనికి ఇంకా ఏమీ తెలియడం లేదు, ఇకమీదట తెలియదేమో కూడా, అసలు ఆ పక్కన చెవి ఉందన్న సంగతే అద్దంలో చూస్తే తప్ప గుర్తుకు రావడం లేదు. ఎదురుగా కుర్చీలో భార్య. ఆమె అరచేతిలో చిన్న మిషన్. అందులోంచి వచ్చిన తీగ చివర క్లిప్పు అతని ఎడమ చెవికి ఉంది. ఆమె మీట నొక్కినప్పుడల్లా అంకె ఒకటి పెరుగుతుంది. చీమ కుట్టినట్టు అనిపించగానే అతను "ఆ" అనాలి. చెవి దగ్గరి నరం నుంచి మెదడుకి కబురు వెళుతుందట. తలలో రక్తనాళం చిట్లినప్పుడు పడిపోయిన ఎడమ చెయ్యి లేవడానికి అది సాయపడొచ్చు అన్నారు ఆసుపత్రిలో. సాయపడుతుంది అని మాత్రం ఎవరూ అనలేదు.

"తెలుస్తోందా?"

వయసంతా ఇళ్లకి వైరింగు చేసి బతికినవాడు. తన ఒంటికే కరెంటు పెడితే తెలియడం లేదంటే ఎవరితో చెప్పుకుంటాడు? మొదటిరోజు నిజంగానే ఎదురుచూశాడు. అంకె పెరిగేకొద్దీ ఆమె ముఖం వాడిపోతుంటే చూడలేక "ఆ" అనేశాడు. ఆమె వెనక్కి వాలి, మిషన్ ఆగేదాకా నిద్రపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమెకి అదే మొదటి నిద్ర. దానికోసం మర్నాడూ అన్నాడు. తర్వాత రోజురోజుకీ ఇంకా తక్కువ అంకె దగ్గరే అనసాగాడు. అది మెరుగుదల అనుకుంది ఆమె.

నిన్న బావమరిది వచ్చి గుమ్మంలోంచే అందుకున్నాడు.

"ఊరందరికీ నువ్వు కరెంటిచ్చావు బావా, ఇప్పుడు నీకు అక్క ఇస్తోంది. షాక్ కొడితే మాత్రం నన్ను పిలవకు."

"నోరు ముయ్యరా," అంది ఆమె నవ్వుతూ. "రోజురోజుకీ నయమే మీ బావకి. మూడు దగ్గరే తెలిసిపోతోంది."

అతనూ నవ్వాడు. నోరు ఒక పక్కకే సాగింది. ఆమె నిద్ర కోసమా ఈ అబద్ధం, ఓడిపోయానని ఒప్పుకోలేకా? రెండూ ఎంతగా పెనవేసుకుపోయాయంటే, విడదీసే ఓపిక అతనికి లేదు.

పొద్దున ఫిజియోథెరపీ అమ్మాయి ఫోన్ చేసింది. "ఇవాళ ఏ అంకె దగ్గర తెలిస్తే అదే చెప్పండమ్మా, ఈ నెలంతా దానిమీదే నడిపిద్దాం. మరీ తక్కువ పెడితే ఏం లాభం ఉండదు, చూసుకోండి."

అందుకే ఇవాళ ఆమె ఒక్కో అంకె దగ్గరా ఆగుతోంది.

"తొందరేం లేదు. బాగా చూసుకుని చెప్పండి."

కళ్ల కింద నలుపు. తల దువ్వుకోలేదు. మెడ అప్పుడే కుర్చీ వీపు మీదికి వాలబోతోంది. మిషన్ మీద అంకె మూడు.

"ఇక్కడేగా?"

"ఆ" అంటే చాలు, నిద్రపోతుంది. ఈ నెలంతా ఇద్దరూ ఉత్త మిషన్‌కి చెరో పక్కన కూర్చుంటారు. ఎడమ చెయ్యి ఎవరో ఒడిలో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఇలాగే పడి ఉంటుంది. కాదంటే మళ్లీ ఆసుపత్రి, వరండాలో ఆమె రాత్రుళ్లు మేలుకుని కూర్చున్న ఆ బెంచీ, ఆమె వాడిన ముఖం. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని ఆమె అడగదు. ఆ అడగకపోవడాన్ని భరించాలి.

"ఏవండీ, ఇక్కడేగా?" అంటూ ఆమె మీట మీంచి వేలు తీసేసింది.

అతను కుడిచెయ్యి చాచి, ఆ వేలు పట్టుకుని, తిరిగి మీట మీద పెట్టి నొక్కాడు.