మూడో గొట్టం పైభాగం

గొట్టాన్ని కడిగింది నేనే. బురదతో ఉన్నదాన్ని బండిలో పెట్టడానికి మనసొప్పలేదు. కొబ్బరిపీచుతో రుద్ది, తుడిచి, నీడలో పెట్టాక చూశాను. నేను రాసిన ‘పైన’ అన్న మాట, పక్కన గీసిన బాణం, రెండూ పోయాయి.

అది రావల్‌కోల్ వాగు పక్కన జమాలుద్దీన్ పొలం. అశ్రిత పరిశోధన చేసే పిల్ల. మీటరు పొడవు ప్లాస్టిక్ గొట్టాలను ఒకే గుంతలో ఒకదాని కింద ఒకటిగా నేలలోకి దిగగొట్టించి, మట్టి పొరలు చెదరకుండా పైకి లాగిస్తుంది. పొరలను బట్టి వేల ఏళ్ల కిందట అక్కడ ఏరు పారిందా, నీళ్లు నిలిచాయా చెబుతుంది. గొట్టం తలకిందులైతే అంతా తలకిందులే. అరవయ్యో ఏట వయోజన బడిలో అక్షరాలు దిద్దానని తెలిసి, గుర్తులు రాసే పని నాకిచ్చింది.

"అవ్వా, మూడోదానికి ఏ దిక్కు పైన?"

రెండు కొనలూ ఒకేలా ఉన్నాయి. ఏదో ఒకటి చూపిస్తే నమ్మేదే.

"తెల్వదు బిడ్డా. కడిగిన. రాత వోయింది."

అశ్రిత నుదురు పట్టుకుంది. "మళ్ల దించుదమా?"

"ఇగ యాడ దించుతవ్?" అన్నాడు జమాలుద్దీన్ గట్టు మీంచి. "నాట్లకని పొద్దుగాల్నే మోటరేసిన. మడి నిండుతాంది. మార్తక్కా, గిన్నెలు తోమినట్టు తోమినవా ఏంది?"

"గిన్నెలైతే ఇంక మంచిగ తోముదును, భాయ్."

ఎవరికీ నవ్వు రాలేదు. దిక్కు తేలకపోతే ఆ మీటరు మట్టి పారెయ్యాల్సిందే. పైనున్న రెండో గొట్టానికీ, కిందున్న నాలుగోదానికీ లంకె తెగుతుంది.

అశ్రిత గొట్టాన్ని నిలువునా కోయించి తెరిచింది. నల్లమట్టి, మధ్యలో ఇసుక, మళ్లీ నల్లమట్టి.

"దొడ్డు ఇసుక కింద, సన్నది మీద ఉంటే తెలిసిపోతుండె. ఇందుల ఇసుకంత ఒక్కతీరుగుంది," అంది.

నేను వంగి చూశాను. ఒకచోట నల్లమట్టిలోకి ఇసుక మేకులా దిగి ఉంది. మొదట్లో వేలి మందం, పోనుపోను దారమంత. మా ఆయన బతికుండగా ఇద్దరం చెరువు పూడిక పనికి పోయేవాళ్లం. ఎండిన అడుగును ఎన్ని వేసవులు చూశానో.

"గిది నెర్రె, బిడ్డా. మట్టి ఎండితే పైన నోరు తెరుస్తది, లోపలికి సన్నగైతది. ఎనక నీళ్లొచ్చి ఇసుక నింపినయ్. నోరున్న దిక్కే పైన."

అశ్రిత వెంటనే ఒప్పుకోలేదు. భూతద్దం పెట్టి ఇంకో రెండు నెర్రెలు వెతికింది. మూడూ ఒకవైపే నోరు తెరిచి ఉన్నాయి.

"నీళ్లు నిలిచినయ్, ఎండినయ్, తర్వాత ఏరొచ్చింది," అంది నెమ్మదిగా. "భాయ్, మీ పొలంల ఏరు పారింది."

"మా తాత పట్టాల ఏరు లేదమ్మా. ఎవ్వరికి చెప్పకు."

అశ్రిత నోటుపుస్తకంలో రాసి పైకి చదివింది: ‘మూడో గొట్టం మీద గుర్తు చెరిగింది. నెర్రెలను బట్టి పైభాగం నిర్ణయించాం.’

"ఎవరు చెరిపిన్రో రాయలే," అన్నాను.

పెన్ను నా చేతికిచ్చింది. ‘కడిగింది మార్తమ్మ’ అని రాశాను.

"నెర్రె చూపెట్టిందెవరో గూడ రాయవ్వా."

"ఈ లైన్ల జాగ లేదు."

నాలుగో గొట్టాన్ని బురదతోనే బండెక్కించాను.