డెల్లాకి దొరకని ఉత్తరం

హలో, వినపడుతోందా? అందరూ లైన్లోకి వచ్చినట్టే ఉన్నారు. పని చేసుకుంటూనే వినండి, అమెరికాలో మా అయోవా రాష్ట్రంలో ఒక పిల్ల సంగతి చెబుతాను.

డెల్లాకి పంతొమ్మిదేళ్ళు. తను కోరుకున్న పెద్ద యూనివర్సిటీ కిందటేడు సీటు ఇవ్వలేదు. పక్క ఊళ్ళో చిన్న కాలేజీలో ఏడాది చదివి, రెండో ఏడాదికి ఆ యూనివర్సిటీకే మారిపోవాలని మొదటిరోజే తీర్మానించుకుంది. అందుకని హాస్టల్ గదిలో సామాను సగమే విప్పింది. స్కూల్ బస్సు నడిపే వాళ్ళ నాన్న వేన్ ఒక ఆదివారం వచ్చి గదంతా చూశాడు.

"ఏమ్మా, హాస్టల్లో చేరావా, లాడ్జిలో దిగావా?" అన్నాడు.

డెల్లా కాలేజీలో ఏ విద్యార్థి సంఘంలోనూ చేరలేదు. చివరి వరసలో కూర్చునేది, క్లాసు అవగానే వెళ్ళిపోయేది. మార్కులు మాత్రం అన్నిట్లోనూ ఫస్టే.

ఫిబ్రవరిలో ఆ పెద్ద యూనివర్సిటీకి దరఖాస్తు నింపుతుంటే ఒకచోట చెయ్యి ఆగింది. ఇప్పుడున్న కాలేజీలో నిన్ను బాగా ఎరిగిన ప్రొఫెసర్ సిఫారసు ఉత్తరం రాయాలట. ఇంకా రెండు వారాలే గడువు. బాగా ఎరిగినవాళ్ళు కాదు కదా, తన పేరు తెలిసినవాళ్ళు కూడా లేరని అప్పుడు తట్టింది.

ఆ చిన్న కాలేజీలో ప్రతి ప్రొఫెసరూ వారానికి రెండు గంటలు తలుపు తీసి పెట్టుకుని కూర్చుంటారు, పిల్లలు ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. డెల్లా ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఉన్నవాళ్ళలో రాళ్ళ పాఠం చెప్పే స్టెన్‌సన్ నయమనిపించి, వెళ్ళి విషయం చెప్పింది.

"మార్కులు వాళ్ళకి ఎలాగూ వెళ్తాయి. ఇంకేం రాయమంటావు? మూడో వరసలో కూర్చుంటుందని రాయనా?" అన్నాడాయన.

"చివరి వరస సార్."

"చూశావా, అది కూడా తెలీదు నాకు."

డెల్లా లేవబోయింది. ఆయన కూర్చోమన్నాడు.

"అక్కడికి వెళ్ళాక సంగతి వదిలెయ్. ఇప్పుడు, ఇవాళ, నీకేం తెలుసుకోవాలనుంది?"

ఏదో గొప్పగా చెబుదామనుకుంది గానీ నోట్లోంచి ఇంటి బోరుబావి సంగతి వచ్చింది. వాళ్ళ బోరు నీళ్ళు ఇనుము వాసన, తెల్లచొక్కాలు పచ్చబడిపోతాయి. రోడ్డుకి అవతలివాళ్ళ నీళ్ళు మాత్రం తేటగా ఉంటాయి. మధ్య దూరం ముప్ఫై అడుగులు లేదు. ఎందుకలా?

ఆయన తాళాలు తీసుకుని డెల్లాని నేలమాళిగకి తీసుకెళ్ళాడు. ఆ జిల్లాలో బోరు వేసినవాళ్ళు ప్రతి ఐదడుగులకీ తీసి పంపిన రాతిముక్కలు అక్కడ చిన్నచిన్న సంచుల్లో ఉన్నాయి. వాటి మీద బావి యజమాని పేరు, లోతు. డెల్లా రోజూ మధ్యాహ్నం అక్కడికి దిగడం మొదలుపెట్టింది. తమ బోరు ఇనుమున్న గులకరాళ్ళ దగ్గరే ఆగిపోయిందనీ, అవతలివాళ్ళది ఆ కింద సున్నపురాయిలోకి దిగిందనీ నాలుగోరోజుకే తేలింది. కానీ అక్కడితో ఆగబుద్ధి కాలేదు. ఆ గులకరాళ్ళు అక్కడికి ఎలా వచ్చాయి? ఇంకాస్త దూరంలోని బావిలో ఎందుకు లేవు? ఎదురైన ప్రతి సంచీ ఇంకో ప్రశ్న పెట్టింది. తోటిపిల్లలు ఇద్దరు కూడా వచ్చి కూర్చున్నారు.

గడువుకి ఒకరోజు ముందు స్టెన్‌సన్ ఉత్తరం పంపాడు. దాన్ని చదివే హక్కు వదులుకుంటున్నానని విద్యార్థి ముందే దరఖాస్తులో ఒక గడిలో టిక్కు పెట్టాలి, లేకపోతే అక్కడివాళ్ళు ఆ ఉత్తరానికి విలువివ్వరు. డెల్లా పెట్టేసింది. ఏం రాసుంటాడా అని మాత్రం రెండు నెలలు మనసు పీకుతూనే ఉంది.

మే నెలలో సీటు వచ్చింది. స్టెన్‌సన్‌కి చెప్పడానికి వెళ్ళి, ఉత్తరంలో ఏం రాశారని ఆగలేక అడిగేసింది.

"టిక్కు పెట్టావుగా," అన్నాడాయన. కాసేపు బల్ల సర్దాడు. "సరే, ఒక్క వాక్యం చెప్తా. మీరు ఈమెని తీసుకుంటే నాకు నష్టం అని రాశా. నిజమే రాశా."

అయినా డెల్లాకి వెళ్ళాలనే ఉంది, వెళ్ళింది కూడా. కొత్తచోట హాస్టల్లో మొదటి సాయంత్రమే సామానంతా విప్పేసింది. రెండోరోజు, ఎవరూ రమ్మనకుండానే, తెరిచి ఉన్న ఒక ప్రొఫెసర్ తలుపు తట్టింది.

"మీ లైబ్రరీ గోడరాళ్ళలో గవ్వలున్నాయి మేడమ్. ఎక్కడి రాయి అది?"

ఆవిడ కళ్ళజోడు తీసి, కుర్చీ చూపించింది.

మీకు తెలిసిన పిల్లలెవరైనా ఒక కాలేజీలో కూర్చుని ఇంకో కాలేజీకి రోజులు లెక్కపెడుతుంటే, ఈ కథ వాళ్ళకి చెప్పండి బాబూ.