వేలు చెప్పే మాట

మూడో అంతస్తు మెట్ల మలుపులో గోడకు భుజం ఆనించి, ఊపిరి కుదుటపడేలోగానే అతను టాబ్లెట్‌లో తర్వాతి ఇంటి వివరాలు తెరిచాడు. దేశంలో జనం ఏ సెర్చ్ ఇంజిన్ వాడుతున్నారో తెలుసుకునే సర్వే కంపెనీలో ఇల్లిల్లూ తిరగడమే అతని ఉద్యోగం.

ఏది వాడతారని నోటితో అడగకూడదు. అడిగితే అందరూ మన దేశంలో తయారైనదాని పేరే చెబుతారు. "రోజూలాగే ఏదో ఒకటి వెతకండి" అని, వేలు ఎటు పోతుందో చూడాలి. అది బయటిదాని మీదికే పోతుంది. నోటికి దేశభక్తి, వేలికి అలవాటు అని ఆఫీసులో నవ్వుకుంటారు.

ఏం వెతికారో కంపెనీకి అక్కర్లేదు. చేరిన కొత్తలో ఒక మెకానిక్ భార్య, బిడ్డకు మాటలు రాకపోతే ఏం చేయాలని వెతకడం అతను చూశాడు. ఆమె చప్పున ఫోను ఒళ్లో బోర్లించుకుంది. అప్పటినుంచి, పేజీ తెరుచుకోగానే తల కిటికీవైపు తిప్పేసుకుంటాడు. ఆ మర్యాద ఎవరూ నేర్పింది కాదు.

పొద్దున క్యారేజీ సర్దుతూ భార్య అంది: "ఊరందరి వెతుకులాటా చూసొస్తారు. ఆ చెయ్యి లాగుడు సంగతి మాత్రం ఎవరికీ చూపించుకోరు."

"చూపిస్తాలేవే."

"ఎప్పుడు? నేను పోయాకా?"

"వెతికితే దొరుకుతుందనేగా భయం" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. క్యారేజీ మూత గట్టిగా నొక్కింది.

ఇప్పుడు తలుపు తీసింది కుట్టుపని మానేసిన ఒంటరి ముసలామె. అతని చెమట చూసి ఫ్యాను పెంచింది.

"మళ్లీ వచ్చావా నాయనా? నేనేం వెతికితే నీ కంపెనీకి ఒరిగేదేముంది?"

"ఒరిగుంటే మీ బిల్డింగుకి లిఫ్టు పెట్టించేవాళ్లు పిన్నిగారూ. ఏదైనా వెతకండి."

"నాకేం తోచడంలేదు. నీదేదైనా చెప్పు, వెతికిపెడతా."

ప్రశ్న అందించడం నిబంధనలకు విరుద్ధం. ఇన్నేళ్లలో ఎవరికీ అందించలేదు. అతను ఎడమ భుజం రుద్దుకున్నాడు.

"మెట్లెక్కితే గుండెల్లో పట్టేసి, ఎడమచెయ్యి లాగుతుంటే... ఏమిటో అడగండి."

ఆమె వేలు తటపటాయించకుండా మనదాన్నే తెరిచింది. ఆ రోజుకి అదే మొదటిది. అతనికి ఎందుకో సంతోషమనిపించింది. నమోదు చేసుకుని, అలవాటుగా కిటికీవైపు తిరిగాడు. కింద ఎవరో సైకిలు కడుగుతున్నారు. వెనక ఆమె ఒక్కో అక్షరం కొడుతోంది.

"నాయనా, కదలొద్దంటోంది. వెంటనే అంబులెన్సు పిలవమంటోంది. ఎవరికిది? నీకేనా?"

అతను కిటికీవైపే చూస్తున్నాడు. అలాగే గోడవారగా నేలమీదికి జారిపోయాడు.

అంబులెన్సు త్వరగానే వచ్చింది. వచ్చినవాళ్లు నాడి చూసి, తొందర మానుకున్నారు. అంతసేపూ ముసలామె అతని మెడ కింద చెయ్యి పెట్టే ఉంచింది. స్ట్రెచరు ఏ మలుపులోనూ గోడకు తగలకుండా దించారు.

గడప బయట చెప్పులు మిగిలాయి. వెళ్లేటప్పుడు వెంటనే తొడుక్కునేందుకు మెట్లవైపు తిప్పి, జతగా విడిచినవి.