పూడ్చనీయని మావి

శిశిరాంతమునందు, వేరుసెనగ పీకిన బీళ్లపై లేయెండ పఱచుకొని గొఱ్ఱెలమందల ధూళి గుట్టలదాక నెగయుచున్న ప్రాతఃకాలమున, పశువైద్యకళాశాలయందలి ప్రయోగశాలలో ముఖమునకు ముసుగును కరద్వయమునకు రబ్బరు తొడుగులును ధరించి సూక్ష్మదర్శినిపై వంగియున్న డాక్టరు హైమవతి, గొఱ్ఱెలు మొదలగు జీవములనుండి మనుష్యులకు సంక్రమించు నొక దీర్ఘజ్వరముయొక్క సూక్ష్మక్రిమిని ఆ ప్రాంతపు మందలలో మొదటిసారి కనుగొని, మూడేండ్ల తపస్సు ఫలించెనని పొంగిపోయెను.

ఆ ఫలము గొఱ్ఱెలకాపరి కురబ సిద్ధమల్లప్ప చలువ; పరీక్షకు మావికుండలు తెచ్చియిచ్చుచున్నవా డాతడే. ఆతని పల్లెలో నొక యాచారము కలదు. గొఱ్ఱె ఈసుకపోయి నెలలు నిండకయే పిల్లను పడవేసినచో, ఆ పిండమును దాని మావిని చేతితో ముట్టక, పంగలకఱ్ఱతో నీడ్చి గోతిలో పూడ్చి పైన ముండ్లకంప కప్పుదురు. ముట్టినవారిని దేవర పట్టునని వారి నమ్మకము. సంవత్సరము క్రిందట హైమవతి యాచారమును విని నవ్వి, "దేవరా లేదు, గీవరా లేదు. పూడ్చకండి, కుండలో పెట్టి నాకు తెచ్చివ్వండి. మీ జీవాలకే మేలు" అని రచ్చబండ మీద బోధించెను. చేతులకు తొడుగు లుండవలెనని యామె యెఱుగును. ఆ మాట యచ్చుకాగితముమీద నుండెను. కాగితము పంచెనే కాని యక్షరము రాని వారి కెవ్వరికిని చదివి వినిపింపదయ్యెను. ఇంతటి చదువరికి నంతమాత్రము తోచకపోవుట వింతయే.

క్రిమిని కనుగొన్న నాటి మధ్యాహ్నము కుండ తెచ్చినది మల్లప్ప కాదు, ఆతని భార్య లింగమ్మ.

"ఆయన రాలేదేం?"

"జరమమ్మా. నెలాయ. మాపటేల చలి ఊపుతాది, తెల్లారితే చెమట. నడుం లేయదు. మావి ముట్టినాడని దేవరకు కోపమొచ్చింది."

హైమవతి కుండ నందుకొనబోయి యాగెను. ఆ లక్షణములు తన వ్రాతప్రతిలో తానే వరుసగా వ్రాసినవి. అక్షణమే యామె కొక నీచపుటాలోచన కలిగెను: రక్తము తీసి మందిచ్చి నయము చేసినచో చాలును గదా, కారణ మేల చెప్పవలెను? తన యీయాలోచనకు తానే యసహ్యపడి లింగమ్మవెంట పల్లెకు బయలుదేరెను.

ఆనాడు తీసిన రక్తమును పరీక్షింపగా నాలుగుదినములకు వచ్చిన ఫలితము యామె భయమునే నిజము చేసెను. మందు కలదు, ఆఱువారములు వాడినచో తగ్గును. కాని యామె మందు తీసికొని మరల పల్లెకు పోగా మల్లప్ప దానిని ముట్టనొల్లడయ్యెను.

"నా తప్పుకు మాత్ర లేంజేస్తాయి తల్లీ? పెద్దోళ్ల కట్టుబాటు తప్పినాను. దేవర కాళ్లు పట్టుకుంటాను, అంతే" అని గోడకు తిరిగి పరుండెను.

ఇక మౌనము వహించినచో నాతడు నిష్కారణముగ పాపభారము మోయుచు రోగమునకు బలి యగునని యామె గ్రహించెను. మంచము చెంత నేలపై కూర్చుండి, "తప్పు నీది కాదు మల్లప్పా. నాది. మావిలో రోగముంది. అది నాకు తెలుసు. నేను తొడుగులు తొడుక్కుని ముట్టుకున్నాను, నిన్ను మాత్రం వట్టిచేతులతో పట్టమన్నాను. మీ పెద్దలే నాకంటే తెలివిగలవాళ్లు" అని విలపించెను.

మల్లప్ప మెల్లగ నిటువైపు తిరిగి, తన యఱచేతుల నొకసారి చూచుకొని చేయి చాపి, "తే, మాత్రియ్యి" అనెను. మింగి, కొంత తడవునకు మరల ననెను:

"ఆ మాట నాకాడ చెప్తే ఏం లాభం తల్లీ? బైటికి పోయి చెప్పు. నువ్వొచ్చినావని తెలిసి అందరూ మావికుండలు తెస్తాండారు."

చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట యెట్టిదో యామె కప్పుడు తెలిసెను. చిన్ననాటినుండి పొందిన పతకములును ప్రశంసలును ఆ గడప దాటుటకు కొఱగాక పోయెను. వాకిటికి వచ్చెను.

ఇంటింటి ముంగిటనుండి స్త్రీలు వచ్చుచుండిరి. డాక్టరమ్మ యడిగినదని, కుక్కలు ముట్టకుండ, ఎండ తగులకుండ, రేయింబవళ్లు కాపాడిన కుండలు వారి చంకలలో నుండెను. కొందఱు మూతలు తీసి, మావి చెడలేదని చూపుటకై, వట్టిచేతులతో పైకెత్తి పట్టుకొనిరి.