చెల్లెలు ముట్టరాని కాలు

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: మా చిన్నదీవిలో పాంగాయి రేవు పక్కన కొట్టు, పిండి బస్తా మోసే రెండు కాళ్లు, మర్యాదస్తుడన్న పేరు.

ఓడ దిగిన సరుకు మోస్తుంటే ఎడమ పిక్క పట్టేసేది. చర్చి గోడ దగ్గర ఆగితే తగ్గేది, నడిస్తే మళ్లీ పట్టేసేది. రాత్రంతా నలుగురితో కావా వేరు రసం తాగుతూ బాసింపట్టు వేసుక్కూర్చున్న ఫలమే అనుకున్నాను. తర్వాత బొటనవేలికి పుండు లేచింది. మానలేదు.

"చక్కెర జబ్బు మనిషివి. చర్చి హాల్లో కాళ్లకి నెత్తురు ఆడుతోందో లేదో చూస్తున్నారట, పోవయ్యా" అంది మా ఆవిడ లోసేలి.

వెళ్లాను. చేతికో పట్టీ, చీలమండకో పట్టీ బిగించి నెత్తురు చప్పుడు వింటున్న నర్సు లవీనియా. మా పిన్ని కూతురు. మా టోంగాలో సొంత చెల్లెలి కిందే లెక్క. ఈడొచ్చాక అన్నాచెల్లెళ్లం ఒక గదిలో కూర్చోం. ఆమె ముందు లుంగీ ఎగ్గట్టి కాలు చాపడమా? గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను. ఆమె కూడా తల దించుకుంది.

సాయంత్రం పెరట్లో నిలబడి, నాకు వినబడేట్టు లోసేలితో చెప్పింది. "వదినా, ఇంకో నర్సు ఎప్పుడొస్తారో తెలీదు. అన్నయ్యని పెద్దదీవి ఆస్పత్రికి వెళ్లమను."

"పండగ బేరం వదులుకునా? ఆగితే పోయేదేముంది?" అన్నాను లోపలినుంచి.

"ఆ బేరమేదో నీ వేలితో ఆడు!" అంది లోసేలి.

ఆగాను. బేరం బాగానే సాగింది.

క్రిస్మస్ దాటాక మగ నర్సు వచ్చాడు. అప్పటికి వేలు నల్లబడింది. చేతి దగ్గర చప్పుడు గుర్రం పరుగులా వినిపించింది. పాదం మీద జిగురు రాసి, పెన్నులాంటి దాన్ని అటూ ఇటూ జరిపాడు. గరగర తప్ప ఏమీ లేదు.

"మిషను పాడైందేమో బాబూ."

"మిషను బాగానే ఉంది బాబాయ్."

గోడ అవతల లవీనియా ఏడుపు వినిపించింది.

పెద్దదీవి ఆస్పత్రిలో ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు.

ఇప్పుడు కట్టు మార్చడానికి లవీనియానే వస్తుంది. మొదటిసారి గోడవైపు తిరిగి అడిగాను, "నువ్వు దీన్ని ముట్టుకోవచ్చా చెల్లెమ్మా?"

"ఇది కాలు కాదుగా అన్నయ్యా."

నిన్న కుడికాలికి పట్టీ బిగించింది. నేను వద్దనలేదు. చప్పుడు దూరమైపోతున్న ఓడలా, వినీ వినబడకుండా ఉంది.

"ఎలా ఉంది?"

లవీనియా పట్టీ విప్పి చుట్టేసింది.

కొట్టు లోసేలి చూసుకుంటోంది. మర్యాద కోసం కాలు పోయింది, ఆ మర్యాదా మిగల్లేదు. వచ్చిందల్లా ఒకటే: రెండో కాలు వెళ్లిపోయే చప్పుడు ముందుగా వినడం.